మా మామ మూత్రపిండాల ఇన్‌స్పెక్షన్

బతికున్న మనిషికి, అదీ నాకు బువ్వ పెట్టి పెంచిన మనిషికి, సమాధి రాయి చెక్కించేదాకా తీసుకుపోయిన మొనగాణ్ణి నేను. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. నా చేతిలో ఉన్నదల్లా ఒక ఈల. ఆ ఈలతోనే ముప్పావు గంటలో పని పూర్తి చేశాను. ఎలాగో చెబుతాను. చదివాక మీరు నన్ను తిట్టుకోవచ్చు. మా ఆవిడ తిట్టినన్ని తిట్లు మీకెలాగూ రావు కాబట్టి నాకు భయం లేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. కర్నూల్లో ఒక మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు డేరాల్లో ఉండేవి, గుమాస్తాలు ఆ డేరాల్లో చెమటలు కక్కుతూ ఉండేవాళ్ళు, అద్దె ఇల్లు దొరకడం గగనంగా ఉండేది. మాకు మాత్రం అదృష్టం కొద్దీ కె.సి. కాలువ గట్టు పక్కన రెండు గదుల ఇల్లు దొరికింది.

డ్రిల్లు మాస్టరంటే మీరేమనుకుంటారో గానీ, నన్ను నేను సగం డాక్టరు కింద లెక్క వేసుకునేవాణ్ణి. పిల్లవాడికి జలుబు చేస్తే గుంజీలు తీయించేవాణ్ణి. కడుపునొప్పి అంటే మైదానం చుట్టూ రెండు చుట్లు ఉరికించేవాణ్ణి. నా వైద్యం బ్రహ్మాండంగా పనిచేసేది, ఎందుకంటే ఒకసారి చేయించుకున్నవాడు మళ్ళీ జన్మలో తనకు ఒంట్లో బాగాలేదని నా దగ్గర నోరెత్తేవాడు కాదు. దాన్నే నేను ఆరోగ్యం అనుకునేవాణ్ణి.

ఇక మా మామ ఇస్రాయేలప్ప సంగతి. ఆయనది కోడుమూరు దగ్గర పల్లె. నాకు మేనమామ, తర్వాత పిల్లనిచ్చిన మామ. మా అమ్మా నాయనా ఒకే ఏడు కలరాలో పోతే, ఐదేళ్ళవాణ్ణి భుజాన వేసుకుని తన ఇంటికి తెచ్చుకున్నాడు. సొంత కొడుకులు లేరు కాబట్టి నన్నే కొడుకన్నాడు, చదివించాడు, ఒక్కగానొక్క కూతురు రూతును నాకిచ్చాడు. ఊళ్ళో ఆయన సంఘ పెద్ద. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నాడంటే, ఆయన ఆపేదాకా పాస్టరు గారు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. జొన్న రొట్టె, కొర్ర బువ్వ తిని పెరిగిన దిట్టమైన శరీరం. ఊరుబిండి లేనిదే ముద్ద దిగదు. ఆ వేరుశెనగ పచ్చడిలో ఉప్పు ఎంతుండాలంటే, పక్కింటివాళ్ళు తిన్నా దాహం మనకు వేయాలి.

ఒక ఆదివారం పాట సగంలో ఉండగా మామ ముక్కులోంచి రక్తం కారింది. తల తిరిగి చాప మీద కూలబడ్డాడు. కబురందిన మరునాడే నేను పోయి ఆయన్ను కర్నూలుకు తీసుకొచ్చి, పాత ఊళ్ళో సొంతంగా వైద్యం చేసే ఒక డాక్టరుకు చూపించాను. ఆ డాక్టరు యుద్ధం రోజుల్లో మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన మనిషి. మాట తక్కువ, మీసం ఎక్కువ. మామ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం గీత పైదాకా పోవడం చూసి, రక్తపోటు బాగా ఎక్కువగా ఉందన్నాడు. సర్పగంధ మాత్రలు రాసిచ్చాడు. ఉప్పు తగ్గించమన్నాడు. ఆ కాలంలో ఈ జబ్బుకు చాలామంది డాక్టర్లు మంచం మీద పడుకోమనేవారు. ఈయన మాత్రం నడిపించమన్నాడు.

"మెల్లగా నడిపించు మాస్టరూ. మాట్లాడుకుంటూ నడవగలిగినంత మెల్లగా. నెల తర్వాత మూత్రం పరీక్ష చేస్తాను. రక్తపోటు మూత్రపిండాల మీద పడిందా లేదా అనేది అందులో తెలుస్తుంది."

మామ ఆశ్చర్యపోయాడు. "ఒంటేలు చూసి లోపలి సంగతి చెప్తావా సార్?" అని అడిగాడు.

"చెప్తాను పెద్దాయనా. లోపల అంతా బాగుంటే అది తేటగా ఉంటుంది."

పాఠకులు 'మెల్లగా' అన్న మాట దగ్గర వేలు పెట్టి ఉంచండి. ఆ రోజు నేను పెట్టలేదు.

నెల రోజులు మామ మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే ఇద్దరం కాలువ గట్టు మీద నడిచేవాళ్ళం. నడక అంటే నడక కాదనుకోండి. పది అడుగులకొకసారి మామ నిలబడి, ఎదురొచ్చినవాణ్ణి "ఏమప్పా, యా ఊరు మీది?" అని పలకరించేవాడు. నెల తిరిగేసరికి డేరాల్లో గుమాస్తాల ఊళ్ళూ పేర్లూ, ఎవరికి మజ్జిగ దొరక్క బెంగగా ఉందో ఎవరికి పెళ్ళాం దగ్గర్నుంచి ఉత్తరం రాలేదో అన్నీ ఆయనకు తెలుసు. తల తిరగడం పోయింది, రాత్రిళ్ళు నిద్ర పట్టింది. రూతు సంతోషానికి అంతులేదు.

నాకే తృప్తి లేదు. ఇదేం కసరత్తు? చెమట పట్టదు, రొప్పు రాదు. ఈల ఊదాల్సిన అవసరమే ఒక్కసారీ రాలేదు.

ఇక్కడ బడి ఇన్‌స్పెక్షన్ గురించి మీకు ఒక మాట చెప్పాలి. ఏడాదికొకసారి పై అధికారి బడి చూడ్డానికి వచ్చేవాడు. ఏడాదంతా ఎలా ఉన్నా ఫరవాలేదు, ఆ ఒక్క రోజు బడి మెరవాలి. ముందు రోజు గోడలకు సున్నం పడేది. ఆ పొద్దున తెల్లవారకముందే పిల్లల్ని మైదానంలోకి తోలి, ఒళ్ళు వేడెక్కి మొహాలు ఎర్రబడేదాకా డ్రిల్లు చేయించేవాణ్ణి. అధికారి వచ్చేసరికి నలభై మంది పిల్లల చేతులు ఒక్కసారే లేచేవి. ఆయన తల ఊపేవాడు. హెడ్మాస్టరు నా భుజం తట్టేవాడు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న జ్ఞానమంతా ఇదే. చూసేవాడు వచ్చేలోపల సరుకును బాగా తిప్పి ఉంచాలి.

అందుకని మామ పరీక్ష రోజు పొద్దున్నే నేను ఈల మెడలో వేసుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"మామా, ఈ పొద్దు నడక కాదు, డ్రిల్లు."

"ఏంటికి అల్లుడా? డాక్టరు మెల్లగా అని చెప్పినాడు గదా."

"అది మామూలు రోజులకు. ఈ పొద్దు ఆయన నీ మూత్రపిండాలు చూసే రోజు. ఇన్‌స్పెక్షన్ అన్నమాట. లోపల యంత్రమంతా బాగా తిరిగి, అవి చురుగ్గా ఉండాల."

మామ నా మొహం చూశాడు. "సరేలే. నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలిసుంటాది," అన్నాడు. ఈ మాట ఇప్పుడు గుర్తొచ్చినా నాకు చెవులు వేడెక్కుతాయి.

ముందు గుంజీలు అరవై. తర్వాత చేతులు పైకీ పక్కకీ, గెంతుతూ. తర్వాత గట్టు మీద పరుగు. ఆయన ముందు, నేను వెనక ఈల ఊదుతూ. యాభై ఎనిమిదేళ్ళ సంఘ పెద్ద పంచె గోచీ పెట్టుకుని కాలువ గట్టు మీద ఉరుకుతుంటే డేరాల్లోంచి గుమాస్తాలు పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి చూశారు. నెలంతా ఆయన పలకరించినవాళ్ళే కాబట్టి, ఒక్కొక్కరూ వరసగా ఏం జరిగింది పెద్దాయనా అని అడిగారు. జవాబు చెప్పే ఊపిరి ఆయనకు లేదు. వాకిట్లోంచి రూతు, "మా నాయన్ను యాడికి తరుముతాండావు?" అని కేకేసింది. ఇది నీకు తెలియని శాస్త్రం అని ఆమెకు చేత్తో సైగ చేశాను.

"అల్లుడా," అన్నాడు మామ ఆఖరి మలుపులో, "గుండెకాయ గొంతులోకొచ్చి కూకోనుండాది."

"అదే కావాల్సింది మామా," అన్నాను.

అట్లాగే ఉరికించుకుంటూ డాక్టరు ఇంటిదాకా తీసుకుపోయాను. పోగానే కంపౌండరు సీసా ఇచ్చాడు, మామ పక్కకు పోయి తెచ్చాడు. డాక్టరు ముందున్న రోగులను చూసి మమ్మల్ని పిలిచేసరికి గంట పట్టింది. అప్పటికి మామ చెమట ఆరిపోయి, ఊపిరి కుదుటపడి, మర్యాదగా కూర్చుని ఉన్నాడు.

కంపౌండరు గాజు గొట్టంలో మూత్రం పోసి, స్పిరిటు దీపం మీద పైభాగం కాచాడు. నేను గర్వంగా చూస్తున్నాను. గొట్టం పైభాగం తెల్లబడింది. కంపౌండరు ఏదో ద్రావకం నాలుగు చుక్కలు వేశాడు. తెలుపు పోలేదు. విరిగిన పాలలాగా అట్లాగే నిలిచింది. డాక్టరు గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. "నడిపించావా?" అని అడిగాడు.

"ఒక్కరోజు కూడా మానలేదు సార్," అన్నాను. ఇది నిజం. డ్రిల్లు సంగతి అడగలేదు కాబట్టి చెప్పలేదు. పరీక్ష బాగా వచ్చాక, అదంతా నా ప్రతిభే అని మెల్లగా చెబుదామని దాచుకున్నాను.

మూత్రంలో అల్బుమిన్ పోతోందని డాక్టరు చెప్పాడు. అంటే ఒంట్లో ఉండాల్సిన సత్తువ మూత్రపిండాల్లోంచి కారిపోతోందని, రక్తపోటు వాటిని దెబ్బతీసిందేమోనని. నడక మాన్పించమన్నాడు. మంచం దిగకూడదు. ఉప్పు బొత్తిగా వద్దు. పప్పు, మాంసం, వేరుశెనగ వద్దు. వరి అన్నం, పండ్లు మాత్రమే. మూడు వారాల తర్వాత ఆయన్ను కదిలించకుండా, మూత్రం మాత్రం సీసాలో తెమ్మన్నాడు. "అప్పటికీ ఇట్లాగే ఉంటే..." అని ఆగి, బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు.

బయటికొచ్చి మామకు ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. ఆయన విని, "నన్ను మనూరికి తోల్కపో అల్లుడా," అన్నాడు. అంతే.

ఊళ్ళో ఏం జరిగిందో వినండి. వరి అన్నం అంటే మా పల్లెలో క్రిస్మస్సుకీ పెళ్ళిళ్ళకీ తినేది. మామకు రోజుకు రెండు పూటలా వరి అన్నం పెడుతున్నారని తెలిసి మొదటి రోజు చూడొచ్చినవాళ్ళు కాస్త కుళ్ళుకున్నారు కూడా. మూడో రోజుకు మామ కంచం చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఉప్పు లేదు, కారం లేదు, ఊరుబిండి లేదు. పక్క వీధిలో ఎవరో శెనగ్గింజలు వేయించిన వాసన వస్తే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. పాస్టరు గారు సాయంత్రం సాయంత్రం వచ్చి మంచం పక్కన పాట పాడేవారు. మామకు ఆ రాగం నచ్చేది కాదు. దిద్దడానికి నోరు తెరిస్తే అత్త మార్తమ్మ, "ఉలకొద్దు, పలకొద్దు అన్నారు," అని నోరు మూయించేది.

నేను శనివారం శనివారం పోయి చూసొచ్చేవాణ్ణి. మొదటి శనివారమే మామ నన్ను కాగితం, పెన్సిలు తీసుకోమన్నాడు. ఆయన తమ్ముడు ఎర్రగుంట్లలో నాపరాళ్ళ గనిలో పనిచేస్తాడు. ఆ తమ్ముడికి ఉత్తరం.

"మంచి నల్లరాయి చూసి, నున్నగా చేసి, చెక్కించి పంపమని రాయి," అన్నాడు.

"ఏం చెక్కించాల మామా?"

"నా పేరు. కింద, ప్రభువునందు నిద్రించెను. తారీఖు కాడ జాగా ఇడ్సమను. తొందరపడి ఏదో ఒకటి ఏసేసేరు."

నేను రాశాను. నా చేతి రాత గుండ్రంగా ఉంటుందని, ఆ అక్షరాల మాదిరే చెక్కమని కూడా రాయించాడు. ఆ ఉత్తరం మీద రెండు కన్నీటి చుక్కలు పడ్డాయి. అవి నావే. మామ నా వీపు మీద చెయ్యేశాడు.

ఆ పూట వంటింట్లో అత్త ఒక్కతే కూర్చుని ఉప్పు జాడీ కేసి చూస్తోంది. నన్ను చూసి, "ముప్పై ఏండ్లు కూరలో ఉప్పెక్కువైందని నేను తిట్టించుకున్యా, తక్కువైందని తిట్టించుకున్యా. ఈ మనిషి లేకుంటే ఇంగ నన్నెవురు తిడతారు దావీదూ?" అంది. నా పేరు దావీదని మీకు చెప్పడం మరిచాను. ఆ రోజుల్లో నాకు ఆ పేరు చెప్పుకునే మొహం కూడా లేదు. ఏం తప్పు చేశానో తెలియదు గానీ, ఏదో చేశానని మాత్రం అనిపిస్తూనే ఉండేది.

రెండో వారానికి రాయి లారీలో వచ్చేసింది. ఎర్రగుంట్ల వాళ్ళకు అంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. నిలువెత్తు రాయి, నున్నగా, నల్లగా, నా గుండ్రటి అక్షరాలతో. ఎక్కడ పెట్టాలో తెలియక మామ మంచానికి ఎదురుగా గోడకు ఆనించారు. ఆయన పొద్దున కళ్ళు తెరిస్తే అదే కనబడేది. "రాత బాగుండాది అల్లుడా," అని నన్ను మెచ్చుకున్నాడు.

మూడో వారం అయింది. సీసా తీసుకుపోవాలి. బస్సులో పోదామనుకున్నాను. మామ ఒప్పుకోలేదు. "పదిమంది కూకునే బండి, సద్ది మూటలు పెట్టుకుని పోతాంటారు. వాళ్ళ మధ్యన అది పెట్టుకుని పోతావా? తప్పు," అన్నాడు. చావుకు సిద్ధపడ్డ మనిషి గానీ మర్యాద తప్పడానికి సిద్ధపడలేదు.

కాబట్టి సైకిలు. మా ఊరి నుంచి కర్నూలు ఇరవై మైళ్ళ పైమాటే. ఎండాకాలం, ఎదురుగాలి. సీసాకు బిరడా పెట్టి, గుడ్డలో చుట్టి, సంచిలో వేసి హ్యాండిలుకు తగిలించాను. డాక్టరు మధ్యాహ్నం దాకే ఉంటాడు, ఆ తర్వాత వారం రోజులు ఊళ్ళో ఉండడు. తొక్కాను చూడండి, నా జన్మలో అంత ఎప్పుడూ తొక్కలేదు. హంద్రీ ఏటి ఇసుకలో సైకిలు భుజానికెత్తుకుని ఉరికాను. అవతలి గట్టెక్కి చూసుకుంటే సంచి తడిగా ఉంది. బిరడా ఊడిపోయింది. సీసాలో చుక్క లేదు.

రోడ్డు మీద కూలబడ్డాను. వెనక్కి పోయి రావడానికి టైము లేదు. వట్టి చేతులతో పోతే ఇంకో వారం. ఆ వారం మామ ఆ రాయికేసి చూస్తూ ఉప్పులేని అన్నం తినాలి. అప్పుడు నాకు ఒక బుద్ధి పుట్టింది. ఇప్పుడు చెబుతుంటే నాకే సిగ్గుగా ఉంది గానీ, చెబుతానన్నాక చెప్పాలి కదా. నేను ఇరవై నాలుగేళ్ళ డ్రిల్లు మాస్టర్ని, రాయిలాంటి శరీరం. నాది తేటగా వస్తుంది. డాక్టరు మామకు ఒక గిద్దెడు ఉప్పు ఇవ్వమంటాడు, ఆ సంతోషానికే మామ లేచి కూర్చుంటాడు. వచ్చే వారం అసలుది తెచ్చి ఇస్తే ఎవరికి నష్టం? చుట్టూ చూశాను. సీసా కడిగాను. ఒక తుమ్మ చెట్టు చాటుకు పోయాను.

కంపౌండరు దీపం వెలిగించాడు. నేను ధీమాగా నిలబడ్డాను. గొట్టం పైభాగం తెల్లబడింది. చుక్కలు వేశాడు. తెలుపు ఇంకా చిక్కబడింది. మామది విరిగిన పాలైతే, నాది తోడుకున్న పెరుగు.

డాక్టరు గొట్టం చూసి, నా భుజం మీద చెయ్యేశాడు. "మాస్టరూ, పోయినసారి కంటే ఎక్కువగా ఉంది. దగ్గరవాళ్ళకు కబురు పెట్టుకోవడం మంచిది."

అట్లాగే గోడ వెంట జారి నేల మీద కూర్చున్నాను. ఆ నల్లరాయి కళ్ళ ముందుకొచ్చింది. మామ పేరు కింద ఇంకో పేరు పట్టే జాగా ఉందని కూడా గుర్తొచ్చింది.

"ధైర్యం తెచ్చుకో. మామ అంటే అంత ప్రేమ ఉండటం మంచిదే గానీ, నువ్వే ఇట్లయితే ఆయన కూతురి సంగతేం గాను?" అన్నాడు డాక్టరు.

"మామది కాదు సార్."

"ఏంది మామది కాదు?"

"సీసాలోది. అది నాది."

డాక్టరు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. మొదట్నుంచీ చెప్పమన్నాడు. బిరడా ఊడిన సంగతి, తుమ్మ చెట్టు సంగతి చెప్పాను. నాకు పెళ్ళయి ఏడాదే అయిందని, రూతును ఎవరు చూసుకుంటారని ఏడ్చాను.

"సైకిలు ఎన్ని మైళ్ళు తొక్కావు?"

"ఇరవై పైన సార్. ఎండలో. హంద్రీలో ఉరికినాను."

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. పోయినసారి పరీక్ష రోజు పొద్దున మీ మామ ఏం చేశాడు?"

అప్పుడు బయటపడింది అంతా. గుంజీలు అరవై, గెంతులు, కాలువ గట్టు, ఈల. ఇన్‌స్పెక్షన్ సంగతి కూడా చెప్పాను. డాక్టరు మీసం కింద పెదవులు కదిలాయి. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, మిలిటరీలో నేర్చుకున్నవన్నీ. అవి ఇక్కడ రాయను. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. యుద్ధంలో సిపాయిల్ని మైళ్ళకు మైళ్ళు మూటలతో నడిపించాక వాళ్ళ మూత్రం చూస్తే ఇట్లాగే తెల్లబడేదట. ఒళ్ళు విరిగేలా శ్రమపడితే రక్తమంతా కండల్లోకి పరిగెత్తి మూత్రపిండాలకు తగ్గుతుంది. అప్పుడవి కాస్త తడబడి సత్తువను బయటికి వదిలేస్తాయి. ఒకటి రెండు రోజులు పడుకుంటే మళ్ళీ తేట. రక్తపోటున్నవాడి చేత ఆ పని చేయిస్తే ఇంకా తొందరగా తడబడతాయి, పైగా ప్రాణానికే ముప్పు.

"నడక మందు. నువ్వు చేయించింది దండన," అన్నాడు.

"అయితే మా మామకు ఏమీ లేదా సార్?"

"నీకు లేదని చెప్పగలను. ఆయన సంగతి ఆయనది చూస్తేనే తెలుస్తుంది. రేపు పొద్దున నిద్ర లేవగానే పట్టింది తెప్పించు. నేను ప్రయాణం ఒక రోజు ఆపుకుంటాను."

కోడుమూరు బస్సు డ్రైవరు చేతికి చీటీ ఇచ్చి పంపాను. ఇంటికి పోయి రూతుకు చెబితే ఆ పూట ఆమె తిట్టలేదు. అది ఎక్కువ భయంగా ఉండింది.

మరునాడు పొద్దున్నే మామే స్వయంగా బస్సు దిగాడు. మూడు వారాల ఉప్పులేని తిండికి అంగీ వదులైపోయింది. చేతిలో మూసిన గొడుగు నిటారుగా, కొవ్వొత్తి పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. నేను దగ్గరికి పోయి అందుకోబోతే, "ముట్టుకోవద్దు, సీసా గొడుగులో ఉండాది," అన్నాడు మెల్లగా.

"బస్సులో తప్పన్నావు గదా మామా."

"మంచం దిగొద్దన్యారు, దిగినా. ఇంగ ఆ తప్పు కూడా చేసేసినా. సచ్చేటోనికి మర్యాదలు, బతికేటోనికి ఏంటికప్పా? చీటీలో బతికే మాట ఉండాది గదా. దావలో ఒకాయన ఎండగా ఉండాది, గొడుగు తెరుచుకో పెద్దాయనా అని శానా బతిమాలినాడు. ఆయనకు ఏం చెప్పాలో తెల్లేదు."

కంపౌండరు రెండు గొట్టాలు పెట్టాడు. ఒకటి రాత్రంతా పడుకుని లేచిన నాది, ఒకటి మామది. ముందు నాది కాచాడు. తేట. నేను సంతోషించలేదు, రెండోదే చూస్తున్నాను. రూతు తండ్రి చెయ్యి పట్టుకుంది. మామ కళ్ళు మూసుకున్నాడు. దీపం మీద గొట్టం వేడెక్కింది, చిన్న బుడగలు లేచాయి. చుక్కలు వేశాడు. డాక్టరు కిటికీ దగ్గరికి తీసుకుపోయి పట్టుకున్నాడు. గొట్టంలోంచి కిటికీ ఊచలు కనబడుతున్నాయి, అవతల వీధిలో పోయే ఎద్దుల బండి కూడా కనబడుతోంది.

"తేటగా ఉంది పెద్దాయనా. నీ మూత్రపిండాలు దివ్యంగా ఉన్నాయి."

ఆ క్షణంలో నా గుండె మీంచి ఆ నాపరాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. రూతు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మామ మాత్రం కళ్ళు తెరిచి డాక్టరును ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఊరుబిండి తినొచ్చునా సార్?"

"కొంచెం. ఉప్పు సగం వేసి. మాత్రలు మానొద్దు. రోజూ నడువు, మాట్లాడుకుంటూ. పరిగెత్తించేవాడు కనబడితే ఆ గొడుగుతో కొట్టు."

ఇంటికి బయల్దేరాం. కాలువ గట్టు ఎక్కాక, గుమాస్తాలంతా డేరాల్లోంచి చూస్తుండగా, మామ ఆగి నా మెడలోని ఈల తీసుకుని తన మెడలో వేసుకున్నాడు. "అరవై," అన్నాడు. తీశాను. ఆయన ఒక్కటి కూడా ఎక్కువ లెక్కపెట్టలేదు, ఒక్కటి కూడా వదల్లేదు.

ఇక రాయి మిగిలింది. ఎర్రగుంట్లకు వెనక్కి పంపితే బాగుండదు. ఇంట్లో కళ్ళ ముందు ఉంటే బాగుండదు. చివరికి అత్తే దారి చూసింది. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన దాన్ని పడుకోబెట్టి బట్టలుతికే బండ చేసుకుంది. రాత కిందికి తిప్పమని నేనంటే వినలేదు. చెక్కిన వైపైతే బట్టకు పట్టు దొరుకుతుందట. రోజూ పొద్దున మామ నడకకు బయల్దేరే వేళకు, ఆయన పేరు మీద ఆయన అంగీలే ధబధబా ఉతికేది. మామ ఆ చప్పుడు విని, "కొట్టు కొట్టు, ఇంగా గట్టిగా కొట్టు," అని నవ్వుకుంటూ పోయేవాడు.

అట్లా ఇరవై రెండేళ్ళు నడిచాడు. ఎనభై ఏళ్ళ వయసులో, ఒక పొద్దున నడిచొచ్చి, రొట్టె తిని, పడుకుని, మళ్ళీ లేవలేదు. రాయి కడిగి చూస్తే, ప్రభువునందు నిద్రించెను అన్న మాట కాస్త ఉంది గానీ పేరు పూర్తిగా అరిగిపోయింది. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన చెక్కేవాడు, ఇంత మంచి రాయి మీద పేరెట్లా పోయిందమ్మా అని అడిగాడు. "బతికుండినాడు నాయనా, శానా దినాలు బతికుండినాడు," అంది అత్త. పేరు మళ్ళీ చెక్కారు. రాత నాదే, ఈసారి తారీఖు కూడా వేశాను.

ఈమధ్య నాకూ రక్తపోటు వచ్చింది. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి రూతు నన్ను వాకిలి దాటనివ్వదు. ఈల ఆమె కొంగుకు కట్టి ఉంది. అందుచేత, ఆ నాపరాయి సాక్షిగా, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. పరీక్షకు పోయే ఏ ప్రాణినీ నేను ఉరికించను. ఒకరి సీసాలో ఇంకొకరిది పోయను. డాక్టరు మెల్లగా అంటే మెల్లగానే అని అర్థం చేసుకుంటాను. ఒకవేళ ఈ ప్రమాణం తప్పితే, అరవై గుంజీలు తీయడానికి సిద్ధం, పరీక్ష అయిన మరునాడు.